రొయ్యల్ని లేపిన గొంతు

ఆ పొద్దు మేము మైపాడు రోడ్డులో మౌలా అంగడి ముందు కూర్చున్నది టీ కోసం కాదు. వినీల రమ్మంది.

వినీల మా ఊరి పిల్లే. చెన్నైలో చదువుకొని వచ్చి, మూతపడిన ఐసు ఫ్యాక్టరీ షెడ్డులో కంపెనీ పెట్టింది. రొయ్యల గుంటలో తేలే ఒక తెల్ల డబ్బా తయారు చేస్తుంది. నీళ్ళలో గాలి తగ్గి రొయ్యలకు ఊపిరాడకుండా పోయే లోపల ఆ డబ్బా రైతుకు ఫోను చేస్తుంది. రైతు పోయి నీళ్ళు చిలికే చక్రాలు వేసుకుంటాడు. చక్రాలు తిరిగితే నీళ్ళకు గాలి, గాలి ఉంటే రొయ్యకు ప్రాణం. అంతే సంగతి. మొదట్లో ఊరంతా పోటీపడి పెట్టించుకున్నాం.

కార్తీకం ముసురులో తాజుద్దీన్ గుంట మొత్తం చచ్చిపోయింది. తాజుద్దీన్ ఇందుకూరుపేటలో మోటార్లకు వైండింగు చేసే మనిషి. మొదటిసారి ఒక గుంట కౌలుకు తీసుకున్నాడు. డబ్బా మోగలేదు, అందుకే పోయింది అని ఊళ్ళో మాట పుట్టింది. మోగిందనే వినీల చెప్పింది. తాజుద్దీన్ అవుననలేదు, కాదనలేదు. ఆ పిల్ల కూడా గుంట పోగొట్టుకున్న మనిషిని నిలబెట్టి అడగలేకపోయింది. అప్పటినుంచి ఒక్కొక్కరే డబ్బా ఊడదీసి షెడ్డు ముందు పెట్టి పోతున్నారు. షెడ్డులో పనిచేసే ఆడపిల్లలంతా ఈ చుట్టుపక్కల వాళ్ళే. వాళ్ళకు పని లేకపోతే తాళం వేసి చెన్నై పోయి ఉద్యోగం చూసుకుంటానని వినీల వాళ్ళమ్మతో అనిందంట. ఆ మాట నిన్ననే మా చెవిన పడింది. ఇప్పుడు రమ్మన్నది ఆ సంగతి చెప్పేదానికే అనుకున్నాం.

వినీల రావడం ఆలస్యమైంది. అంతలో ఆమె మేనమామ పెంచలకృష్ణ వచ్చి బెంచీ మధ్యలో చోటు చేసుకున్నాడు. ఇక మేము వినక తప్పదని అందరికీ అర్థమైపోయింది. పెంచలకృష్ణ నవ్వుతా కోతలు కోసే రకం కాదు. చావు కబురు మోసుకొచ్చినవాడి మాదిరి ముఖం పెట్టుకొని, మెల్లగా, ఒక్కో మాటా తూచినట్టు చెబుతాడు. అందుకే కొత్తవాళ్ళు సగం దాకా నమ్ముతారు.

"ముందు నిజం చెప్పుకుందాం," అన్నాడు గ్లాసు కింద పెట్టి. "డబ్బా నాది కాదు. వైర్లు, చిప్పులు, నీళ్ళలో దిగి కొలిచే పుల్ల, అన్నీ మా వినీలవి. నేను చేసింది ఒక్క చిన్న పని. దానికి గొంతు ఇచ్చినా. అంతకు మించి ఒక్క మాట చెప్పుకుంటే నన్ను అడగండి."

ఎవరూ అడగలేదు.

"మొదట్లో డబ్బా ఏం చేసేది? ఇంగ్లీషులో మెసేజీ పంపించేది. మన మడుసులు మెసేజీలు యాడ చూస్తారు? ఆ తర్వాత హైదరాబాదు నుంచి ఒక ఆడమనిషి గొంతు తెప్పించి పెట్టింది వినీల. 'ప్రియమైన వినియోగదారులారా, మీ జలాశయంలో ప్రాణవాయువు స్థాయి క్షీణించినది' అని. అప్పుడు మన శేషమ్మక్క ఏం చేసిందో తెలుసా? లోను ఇస్తామనే వాళ్ళనుకొని, మాకేం వద్దు తల్లీ అని పెట్టేసింది."

"పెట్టేసినా," అంది వెంకటశేషమ్మ. ఆమె సొంతంగా రెండు గుంటలు చూసుకునే మనిషి, మాటలు తక్కువ.

"అప్పుడు చెప్పినా నేను. అమ్మాయ్, తెలిసినోడి గొంతు పెట్టు, లేస్తారు అని. ఆటోకి మైకు కట్టుకొని తిరునాళ్ళు, కరెంటు కోతలు, తప్పిపోయిన బర్రెలు, అన్నీ చెప్పిన గొంతు గదా ఇది. షెడ్డులో ఫ్యాను ఆపమన్నా. రోడ్డు మీద లారీని ఆపమన్నా. ఒక్క ఊపిరిలో చెప్పినా. 'అన్నా, నేను పెంచలకృష్ణని. గుంటలో గాలి తగ్గింది. లెయ్యి, చక్రాలు వెయ్యి.' పేరెందుకు మామా అనింది వినీల. పేరు లేకుంటే ఎవరని నమ్ముతారమ్మా అన్నా. అంతే, నేను చేసింది."

ఆ మాట వరకూ నిజమే. మా అందరి ఫోన్లలోనూ ఆ గొంతు మోగింది.

"మొదట లేచింది శేషమ్మక్కే. అక్కా, నువ్వే చెప్పు, ఆ పొద్దు నీ గుంట నిలబడిందా లేదా?"

"నిలబడింది. రొయ్యలు పైకి తేలతా ఉంటే పోయి చక్రాలు వేసినా."

"చూసినారా. ఇంకో సంగతి అక్క మరిచిపోయింది. అప్పుడు ఆమె ఫోనులో ఛార్జింగు లేదు. ఆరిపోయిన ఫోను. అయినా మోగింది."

"ఛార్జింగు ఉండింది కృష్ణా."

"ఉండిందిలే అక్కా, ఒక్క గీత. ఒక్క గీతకి నా గొంతు అంత దూరం రావాలంటే ఎట్లా వచ్చింది? అది ఆలోచించండి. సరే, అది పక్కన పెడదాం. ఆ తర్వాత ఏమైందో తెలుసా? నా గొంతు గుంట గట్టు మీద పదే పదే మోగేటప్పటికి రొయ్యలకు అలవాటైపోయింది. నేను గట్టెక్కి ఊరికే దగ్గితే చాలు, ఈ మూల నుంచి ఆ మూల దాకా అన్నీ తలలెత్తేవి."

మౌలా పాలు పొంగకుండా మంట తగ్గించి ఇటు తిరిగాడు. "రొయ్యలకు చెవులుంటాయా కృష్ణా?"

"ఉండవు. నేనూ అదే అడిగినా వినీలని. చెవులు లేకుండా వినేదాన్ని ఏమంటారు మౌలా? భక్తి అంటారు. నేను మేత చల్లేది మానుకున్నా. గట్టు మీద ఒక తావున పోసి, రండి అంటే వచ్చేవి. ముసలివి ముందు, పిల్లలు వెనక. ఒకటినొకటి తోసుకునేది లేదు. రేషను షాపు కాడ మనం నిలబడేది చూసినాను, రొయ్యలు నిలబడేదీ చూసినాను. సిగ్గేసింది నాకు మనల్ని చూసి. రొయ్యల పట్టుబడి రోజున కొనేవాళ్ళు వల తెచ్చినారు. వల ఎందుకయ్యా అన్నా. పెద్దవి ఒక పక్కకి, చిన్నవి ఒక పక్కకి రమ్మన్నా. వచ్చినాయి. కొనేవాళ్ళు వల మడిచి చంకన పెట్టుకొని, చెప్పులు విడిచి దణ్ణం పెట్టినారు. నాకు కాదు, రొయ్యలకు."

మామూలు రోజయితే ఇక్కడ ఎవరో ఒకరు నవ్వేవాళ్ళు. ఆ పొద్దు నవ్వు రాలేదు. బెంచీ చివర తాజుద్దీన్ కూర్చోనున్నాడు. టీ తీసుకున్నాడు కానీ తాగలేదు. మేమంతా ఆయన వైపు చూడకుండా పెంచలకృష్ణ వైపే చూస్తున్నాం. పెంచలకృష్ణ దాన్ని శ్రద్ధ అనుకున్నాడు.

"ఇంక పోయినేటి తుపాను సంగతి. మీరంతా ఇళ్ళలో తలుపులు బిగించుకొని ఉండారు. స్తంభాలు పడిపోయె. టవర్లు పోయె. జనరేటర్లలోకి నీళ్ళెక్కె. డబ్బా మూగదైపోయింది, పాపం అది మాత్రం ఏం చేస్తుంది. మామా, ఇంక చేసేదేం లేదు, గుంటలన్నీ పోతాయి అని వినీల తల పట్టుకొని కూర్చోనింది. నేను తువ్వాలు నడుముకి చుట్టుకొని గట్టెక్కినా. గాలి ఎట్లుండాదంటే, నేను నోట్లోంచి మాట వదిల్తే అది వెనక్కొచ్చి నా మూపున తగలతా ఉండాది. అయినా పిలిచినా. అమ్మల్లారా, అయ్యల్లారా, కరెంటు లేదు, చక్రాలు తిరగవు, మీ ప్రాణం మీరే కాపాడుకోవాల, తోకలు కొట్టండి అన్నా."

ఆయన ఆగి మా ముఖాలు చూశాడు.

"కొట్టినాయి. ముందు ఒక వరస, తర్వాత ఇంకో వరస. గుంటంతా చిలికిన మజ్జిగ మాదిరి నురగ లేచింది. నీళ్ళు గుండ్రంగా తిరగబట్టినాయి. వాటిని చూసి పక్క గుంటవి కొట్టినాయి. వాటిని చూసి ఆ పక్కవి. ఇందుకూరుపేట నుంచి తోటపల్లి గూడూరు దాకా ఒక్క గుంట నిలకడగా లేదు. ఆ ఊపుకి కాలవలో నీళ్ళు ఎదురెక్కి, ఆ నీళ్ళు పోయి సముద్రాన్ని నెట్టినాయి. మైపాడులో అల వెనక్కి పోయింది. పడవలు ఇసకలో కూర్చోనుండాయి. తుపాను వచ్చి చూసింది, దిగేదానికి సముద్రం లేదు. అట్నుంచి అటే పోయింది. నేను గొప్పకి చెప్తా ఉండాననుకోవద్దు. నన్ను అడిగితే అందులో నా పాత్ర తక్కువే. కష్టపడింది రొయ్యలు."

"ఆ తుపాను ఒంగోలు పక్క తీరం దాటింది గదా," అన్నాన్నేను.

"ఎందుకు దాటింది ఒంగోలు పక్క? నేను అదే గదా ఇంతసేపూ చెప్తా ఉండేది."

ఈ మాట అంటుండగానే వినీల వచ్చింది. బండి ఆపి, వెనక తాడుతో కట్టిన రెండు డబ్బాలను విప్పకుండా అట్లే నిలబడింది. పొద్దున్నే ఇంకెవరో తెచ్చి షెడ్డు ముందు పెట్టిపోయిన డబ్బాలవి. మేనమామ కథలో ఉన్నాడని చూసి, మధ్యలో ఆపకుండా మౌలా అంగడి స్తంభానికి ఆనుకొంది. ఆ పిల్ల ముఖంలో కోపం లేదు. నిద్ర లేదు.

పెంచలకృష్ణ ఆమెను చూసి ఇంకా నిటారుగా కూర్చున్నాడు. మేనకోడలు చూస్తుండగా ఊరిని ఒప్పించాలని ఆయన ఆరాటం. అది మాకు తెలుస్తూనే ఉంది.

"తుపాను సంగతి పైదేశాలకు పాకింది. ఈక్వెడారు అని ఒక దేశముండాది, మనకంటే ఎక్కువ రొయ్యలు పెంచేది వాళ్ళే. అక్కడివాళ్ళు వచ్చినారు. మన గట్ల మీద కార్లు పోవని హెలికాప్టరులో దిగినారు. నా గొంతు ఒక ఇనప పెట్టెలో పట్టుకొని, మూత బిగించి, సీలు వేసుకొని పొయినారు. ఇప్పుడక్కడ రొయ్యలు తెలుగులో లేస్తా ఉండాయి. మొన్న వాళ్ళు ఫోను చేసినారు నాకు. అయ్యా, మావి తెలుగు బాగా నేర్చుకున్నాయి, ఇప్పుడు మేము చెప్పేది వాటికి అర్థం కావడం లేదు, ఏం చేయమంటారు అని. మీరూ నేర్చుకోండి అన్నా. ఇంకేం చెప్తాను?"

"సరే," అన్నాడు మౌలా. "తర్వాత?"

"తర్వాతది చెప్పకూడదు. మీరు మనవాళ్ళు గనక చెప్తా ఉండా. మొన్న పొద్దు గుంకే ముందు నేను షెడ్డు మెట్ల మీద కూర్చోనుండా. కాలవ గట్టు మీంచి ఒక పెద్ద రొయ్య వచ్చింది. మూరెడుంటుంది. మీసాలు నెరిసినాయి. దాని వెనక ఇంకో నాలుగు. నా ముందు నిలబడి అది ఏమనిందో తెలుసా? అయ్యా, ఇన్నేండ్లు ఒకరి గుంటలో బతికినాము, ఒకరి మేత తిన్నాము, ఇంక సొంతంగా ఏదైనా పెట్టుకుందామని ఉండాది, మీ మేనకోడలికి చెప్పి షెడ్డులో ఒక మూల ఇప్పించండి అనింది. ఏం పెడతారు అన్నా. మనుషులు నీళ్ళలో పడితే వాళ్ళ ఇళ్ళకు ఫోను చేసే డబ్బా పెడతాము అనింది. నాకు కళ్ళలో నీళ్ళు తిరిగినాయి. ఒక రొయ్యకు ఉండాది ఆ ధైర్యం. పల్లెటూళ్ళో పుట్టి, పల్లెటూళ్ళోనే కంపెనీ పెట్టుకుంటామని. మనకు లేకపోయింది. ఉన్న ఒక్క కంపెనీని మూయించేదానికి డబ్బాలు మోసుకొస్తా ఉండాం."

ఈ చివరి మాటకు మాలో కొందరు తలలు వంచుకున్నారు. రొయ్య మాట ఎట్లున్నా, ఆ మాట మాకు తగిలింది. వెంకటశేషమ్మ మాత్రం ముఖం తిప్పలేదు.

"కృష్ణా, కథ బాగుండాది," అంది. "మేము డబ్బాలు తెచ్చిస్తా ఉండేది ఊరికే కాదు. మోగుతుందో మోగదో అనే భయంతో. దానికి చెప్పు నువ్వు జవాబు."

"మోగకపోయేది లేదక్కా," అన్నాడు పెంచలకృష్ణ. గొంతు ఇంకా తగ్గించి, గుండె మీద చెయ్యి పెట్టుకున్నాడు. "ఈ తీరంలో నా గొంతు పలికిన గుంట ఒక్కటి కూడా చావలేదు. పలికితే లేస్తారు. లేస్తే బతుకుతుంది. ఇది నేను గట్టు మీద నిలబడి ప్రమాణం చేస్తా."

అప్పుడు మేము తాజుద్దీన్ వైపు చూడకుండా ఉండలేకపోయాం. పెంచలకృష్ణ కూడా మా కళ్ళ వెంట అటు చూశాడు. ఆయన ముఖం మారింది. మాట వెనక్కి తీసుకునేదానికి నోరు తెరిచాడు గానీ తాజుద్దీన్ ముందే మాట్లాడాడు.

"పలికింది కృష్ణా," అన్నాడు. "నా గుంటకు పలికింది."

వినీల స్తంభాన్ని వదిలి ఒక అడుగు ముందుకు వేసింది.

తాజుద్దీన్ ఆ పిల్లను చూడలేదు. టీ గ్లాసును బెంచీ మీద జాగ్రత్తగా పెట్టాడు. "నాలుగు రోజులుగా ముసురు. ఎండ మొహం లేదు. ఎండ లేకుంటే పగలు కూడా నీళ్ళలో గాలి తగ్గుతుందని నాకు తెలీదు. డబ్బా ఎప్పుడు మోగినా తెల్లారుజామునే మోగేది, పట్టపగలు మోగుతుందని నాకు తోచలా. మధ్యాహ్నం నమాజు చేసుకొని మంచం మీద ఒరిగినా. ఫోను మోగింది. ఎత్తినా. 'అన్నా, నేను పెంచలకృష్ణని' అని వినపడింది. అంతవరకే విన్నా. నువ్వు మామూలుగా ఫోను చేసినా ఆ మాటతోనే మొదలుపెడతావు. అంతకు ముందు రోజు ఇదే అంగడిలో సముద్రం వెనక్కి పోయిన కథ చెప్పుంటివి. మళ్ళీ ఏదో కథ అనుకొని పెట్టేసినా."

తాజుద్దీన్ తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు.

"మళ్ళీ మోగింది. ఎవరని మా ఇంటామె ఆమినాబీ అడిగింది. ఎవరో కాదు, పెంచలకృష్ణలే అన్నా. ఆమె ఫోను తీసి తలగడ కింద పెట్టింది. సాయంత్రం అసర్ నమాజుకు లేచి గట్టు మీదికి పోతే, అప్పటికే కాకులు దిగినాయి. రొయ్యలు అంచులకొచ్చి తెల్లగా పడుండాయి."

"ఇన్నాళ్ళూ ఈ మాట ఎందుకు చెప్పలేదు తాజుద్దీనా?" అంది వెంకటశేషమ్మ. ఆమె గొంతులో నిష్ఠూరం లేదు.

"ఏమని చెప్పేది? పెంచలకృష్ణ మాట నమ్మక మునిగిపోయినా అని చెబితే వినేవాళ్ళు నవ్వుతారు. నా ఇంట్లో అన్నాలు తినకుండా ఉండే రోజుల్లో ఊరు నవ్వుతా ఉంటే చూడలేకపోయినా. డబ్బా మోగలేదని వాళ్ళే అనుకున్నారు, నేను ఊరుకున్నా. బిడ్డ షెడ్డు మూస్తుందని నిన్న తెలిసింది. అందుకే వచ్చినా." అప్పుడు వినీల వైపు తిరిగాడు. "నీ డబ్బాలో తప్పు లేదమ్మా."

వినీల చున్నీ కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. కార్తీకం నుంచి ఆ పిల్ల ఆ డబ్బాను ఎన్నిసార్లు విప్పి బిగించిందో షెడ్డులో పిల్లలు మాకు చెప్పి ఉన్నారు. 

"నేనూ ఈమధ్య ఆ గొంతు వినపడితే సగంలోనే పెట్టేస్తా ఉండా," అన్నాన్నేను. అబద్ధం చెప్పి లాభం లేదు. ఇంకో ఇద్దరు తలలూపారు.

పెంచలకృష్ణ మా అందరినీ ఒకరి తర్వాత ఒకరిని చూశాడు. "అది నేను చేసిన ఫోను కాదు గదా, అది డబ్బా..." అని మొదలుపెట్టాడు. ఆ వాక్యం పూర్తి కాలేదు. ఇన్నేళ్ళలో ఆయన మొదలుపెట్టిన మాటను ఎవరూ ఆపకుండానే ఆపేయడం మేము అదే మొదటిసారి చూడడం. చేతులు మోకాళ్ళ మీద పెట్టుకొని, తన చేతుల్నే చూసుకుంటూ ఉండిపోయాడు.

"గొంతు మారుస్తాను," అంది వినీల. మేనమామను చూసి కాదు, మమ్మల్ని చూసి. "ఈ పొద్దే మారుస్తాను. ఎవరి గొంతయితే మీరు పెట్టేయకుండా వింటారో చెప్పండి."

ఊళ్ళో పెద్దమనుషుల పేర్లు ఒకటి రెండు వచ్చాయి. ఒకరు మాట తప్పినవాడన్నారు, ఒకరు వడ్డీల మనిషి, ఆ గొంతు వింటే ఫోనే ఎత్తరన్నారు. ఆ తర్వాత వెంకటశేషమ్మ అంది.

"తాజుద్దీన్‌ది పెట్టు. గుంట పోయినోడు లెయ్యమంటే ఎవరు పడుకుంటారు?"

తాజుద్దీన్ వద్దన్నట్టు చెయ్యి ఊపాడు. "నాకు మైకుల్లో మాట్లాడేది తెలీదక్కా. నా గొంతు ఈ బెంచీ దాటదు."

ఎవరూ బలవంతం చేయలేదు. ఆయన వినీల బండికి కట్టిన రెండు డబ్బాల వైపు చూశాడు. తర్వాత తనే చెయ్యి చాపాడు. వినీల తన ఫోను తీసి, రికార్డింగు పెట్టి ఆయన చేతికిచ్చింది. మౌలా పొయ్యి ఆపేశాడు.

తాజుద్దీన్ చెప్పాడు. పక్కన కూర్చున్న నాకే సరిగ్గా వినపడలేదు. వినీల వేసి చూస్తే రోడ్డు మీద పోయే ఆటో మోత తప్ప ఏమీ లేదు. ఆయన ఫోను తిరిగి ఇచ్చేయబోయాడు.

పెంచలకృష్ణ లేచాడు. బెంచీ చుట్టూ తిరిగొచ్చి తాజుద్దీన్ ఎదుట మోకాళ్ళ మీద కూర్చున్నాడు. ఫోను పట్టుకున్న ఆ చేతిని మణికట్టు కాడ మెల్లగా ఎత్తి, నోటికి దగ్గరగా పెట్టాడు.

"ఇట్లా పట్టుకో అన్నా," అన్నాడు. "గట్టిగా అక్కర్లేదు. నీ ఇంట్లోవాళ్ళకు చెప్పినట్టు చెప్పు."

తాజుద్దీన్ కళ్ళు మూసుకున్నాడు. ఈసారి మాకందరికీ వినపడింది.

"నేను తాజుద్దీన్‌ని. నా గుంట పోయింది. నీదింకా పోలేదు. లెయ్యి."